సైన్యంలోకి పోనంటున్న కొడుకు, క్వేకర్ల మీటింగు, కింద ఉన్న నేల

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటున్నాం. అందరికీ గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు దాటింది. నేనూ మావారూ పౌరసత్వానికి అప్లై చేయబోతున్నాం. పెద్దబ్బాయికి వచ్చే మార్చిలో 18 నిండుతాయి. స్నేహితుడితో కలిసి క్వేకర్ల మీటింగుకు వెళ్తున్నాడు. యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ వాళ్లది, తమ సంఘాన్నీ ప్రార్థన సభనూ మీటింగు అంటారు. ఈమధ్య తాను కాన్షెన్షియస్ అబ్జెక్టర్‌నని, అంటే మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి పోనివాడినని, యుద్ధమొచ్చినా సైన్యంలోకి పోనని అంటున్నాడు. ఇవన్నీ పరాయి దేశాల మీద పెత్తనం కోసం చేసే యుద్ధాలని వాడి వాదన. అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం పెట్టుకునే జాబితా, సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు కూడా నమోదు చేసుకోడట. మా తాతగారు తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మనిషి. ఆయన కథలంటే వాడికి ప్రాణం! ఈ రెండూ ఎలా పొసుగుతాయో నాకు అర్థం కావడం లేదు. ఇదంతా మా కాగితాలకు అడ్డొస్తుందా? వాడు క్వేకరుగా మారాలా? ఇంకో సంగతి. ఆ మీటింగులో ఇక్కడి ఆదివాసుల భూమి గురించి ఒక బృందం పనిచేస్తోంది. "మీరు వలసపాలన చూసిన దేశం వాళ్లు కదా, వచ్చి మాట్లాడండి" అని నన్ను పిలిచారు. వెళ్లమంటారా?
— ఒక తల్లి, పెన్సిల్వేనియా

సమాధానం: ముందు గడువు ఉన్న పని చూద్దాం. సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవడం వేరు, సైన్యంలో చేరడం వేరు. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది. నమోదును 1975లో ఆపేసి 1980లో మళ్లీ మొదలుపెట్టారు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్న మగపిల్లలు, పౌరులైనా గ్రీన్‌కార్డుదారులైనా, 18వ పుట్టినరోజు నుంచి 30 రోజుల్లోగా నమోదు కావాలి. హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఆ వీసా చెల్లినంత కాలం ఈ బాధ్యత లేదు. మీవాడికి ఉంది.

నమోదు కాకపోతే చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. 1980ల తర్వాత ఎవరి మీదా ఈ కేసు పెట్టలేదు కాబట్టి ఏమీ కాదని కుర్రాళ్లు అనుకుంటారు. మీ అబ్బాయికి అసలు నష్టం వేరే చోట ఉంది. 26 నిండకముందు నమోదు లేకుండా పౌరసత్వానికి వెళ్తే తిప్పి పంపుతారు. 26 నుంచి 31 మధ్య వెళ్తే, తెలిసి కావాలని మానలేదని నిరూపించుకోవాలి. మీవాడు తెలిసే, కావాలనే మానేస్తానంటున్నాడు కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోతుంది. నమోదును కూడా నిరాకరించిన క్వేకర్లు ఉన్నారు. అది నిజాయితీ గల నిర్ణయమే, మేము తక్కువ చేయం. కానీ ఇక్కడే పుట్టిన స్నేహితుడికి అందువల్ల పోయేదానికీ గ్రీన్‌కార్డు మీద ఉన్న మీవాడికి పోయేదానికీ చాలా తేడా ఉంది. ఆ తేడాను స్నేహితులిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మా సలహా: నమోదు కానివ్వండి, అభ్యంతరం కూడా అదే రోజు నమోదు చేయించండి.

ఎలాగంటే, ఆ ఫారంలో "నేను అబ్జెక్టర్‌ని" అని టిక్కు పెట్టే గడి లేదు. ఆన్‌లైన్‌లో చేస్తే ఆ మాట రాసే చోటే ఉండదు. అందుకని పోస్టాఫీసులో దొరికే కాగితం ఫారం తీసుకుని, నల్ల ఇంకుతో నింపి, ఖాళీ జాగాలో "మనస్సాక్షి ఒప్పుకోక ఏ యుద్ధంలోనూ పాల్గొనలేను" అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి, సంతకం, తేదీ వేయాలి. రెండు వైపులా జిరాక్స్ తీసుకుని, సర్టిఫైడ్ మెయిల్‌లో రశీదుతో పంపాలి. దీనివల్ల వెంటనే ఏ హోదా రాదు. ఆ సంస్థ దాన్ని పట్టించుకోదు కూడా. కానీ 18 ఏళ్లకే ఈ మాట అన్నాడనడానికి తేదీ ఉన్న కాగితం మీ చేతిలో ఉంటుంది. ప్రభుత్వమే తన రికార్డుల నుంచి పేర్లు ఎక్కించే పద్ధతికి చట్టం మారుతోంది. మీవాడి వంతు వచ్చేసరికి ఫారమే లేకపోతే ఇదే మాటను విడి ఉత్తరంగా రాసి అలాగే పంపండి. ఆ తర్వాత 26 నిండేదాకా ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లో చిరునామా తెలియజేయాలి. కాలేజీకి వెళ్లిన పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. "నేను ఈ దేశ పౌరుణ్ని కాను, కాబట్టి నాకు సైనిక సేవ వర్తించదు" అని ఎప్పుడూ, ఏ కాగితం మీదా మినహాయింపు అడగకూడదు. ఆ కారణంతో మినహాయింపు పొందినవాళ్లకు పౌరసత్వం శాశ్వతంగా అందకుండా పోయే నిబంధన చట్టంలో ఉంది. మనస్సాక్షి కారణంగా అభ్యంతరం చెప్పడం అలాంటిది కాదు. మీరు భయపడుతున్నట్టు అది కాగితాలకు అడ్డు రాదు.

ఇక అబ్జెక్టర్ హోదా. దాన్ని ముందుగా తీసుకుని దాచుకోవడానికి వీల్లేదు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్, ప్రెసిడెంటు కలిసి నిర్బంధ సేవను మళ్లీ తెచ్చి, లాటరీలో పేరు వచ్చి, పిలుపు అందాకే అడగాలి. లాటరీలో ముందు ఆ ఏడాది 20 నిండేవాళ్లు, తర్వాత 21 నుంచి 25 దాకా, చివర్లో 19, 18 ఏళ్లవాళ్లు వస్తారు. పిలుపు వచ్చాక టైము చాలా తక్కువ. ఫైలు ఇప్పటినుంచే కట్టమనడం అందుకే. దరఖాస్తును చూసేది స్థానిక బోర్డు. అందులో ఉండేది మీ ప్రాంతంలోని మామూలు పౌరులే. వాళ్లు అడిగేవి ముఖ్యంగా మూడు: నీ నమ్మకం ఏమిటి? అది నీకెలా వచ్చింది? అది నీ బతుకులో ఎక్కడ కనిపిస్తుంది? కుర్రాళ్లు మొదటిదానికి పేజీలు రాస్తారు, మూడోదానికి రెండు లైన్లు. బోర్డు మాత్రం మూడోదాన్నే ఎక్కువ పట్టి చూస్తుంది.

క్వేకరుగా మారక్కర్లేదు. క్వేకర్లు, మెనొనైట్లు, బ్రెద్రెన్ అనే మూడు సంప్రదాయాలను చారిత్రక శాంతి చర్చిలంటారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు ఉన్న మెనొనైట్ బ్రెద్రెన్ చర్చి మీ ప్రాంతం వాళ్లకు తెలిసే ఉంటుంది, అదీ ఆ కుదురులోదే. వీటిలో సభ్యుడైతే వివరించడం సులువు. అంతకుమించి ప్రత్యేక హక్కేమీ రాదు. 1965లో సీగర్ కేసులో, 1970లో వెల్ష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, దేవుడి మీద విశ్వాసం ఒక మనిషి జీవితంలో ఎంత లోతుగా ఉంటుందో, నైతిక నమ్మకం కూడా అంత లోతుగా ఉంటే చాలు. వెల్ష్ అయితే ఫారంలో మతానికి సంబంధించిన మాటనే కొట్టేశాడు, అయినా గెలిచాడు. కాబట్టి మీ ఇంట్లో నేర్చుకున్న విలువలు, అమ్మమ్మ మాటలు, చదివిన గాంధీ, అన్నీ పనికొస్తాయి. అవి వాడివై ఉండాలి, అంతే.

చిక్కల్లా మీవాడి వాదనలో ఉంది. "పెత్తనం కోసం చేసే యుద్ధాలకు వ్యతిరేకిని" అంటే చట్టం ఒప్పుకోదు. "ఏ రూపంలోని యుద్ధానికైనా" వ్యతిరేకి అయితేనే హోదా. వియత్నాం యుద్ధం అన్యాయం కాబట్టి దానికి మాత్రం పోనన్న గిలెట్‌కు 1971లో సుప్రీంకోర్టు హోదా నిరాకరించింది. అదే ఏడాది, సైన్యంలోకి పోనన్నందుకు శిక్ష పడిన బాక్సర్ మహమ్మద్ అలీ గెలిచాడు. అతను వ్యతిరేకించేది కొన్ని యుద్ధాలనేనని ప్రభుత్వం వాదించింది. కానీ అతని దరఖాస్తును ఏ కారణంతో కొట్టేశారో అప్పీలు బోర్డు చెప్పలేదు. ఆ లోపం మీదే కోర్టు శిక్షను రద్దు చేసింది. అలీ మాటలు చదివి అదే దారిలో పోదామనుకునే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు. వలసవాద యుద్ధాన్ని మాత్రమే నిరాకరించేవాడికి ఈ చట్టంలో ఇప్పటికీ చోటు లేదు. అది చట్టం లోపమే అని మా అభిప్రాయం. కానీ బోర్డు ముందు నిలబడేది చట్టం కాదు, మీ అబ్బాయి.

అందుకే మీ తాతగారి ప్రశ్న వాడికి అడ్డం కాదు, పరీక్ష. బోర్డు ఎదుట "హిట్లర్ వస్తే ఏం చేస్తావు?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. మీవాడికి దానికంటే కష్టమైనది ఇంట్లోనే ఉంది. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు, దొర వెట్టికి ఈడ్చినప్పుడు ముత్తాత తుపాకీ పట్టాడు, నువ్వుంటే ఏం చేసేవాడివి? ముత్తాతను ప్రేమించడం, ఆయన ఎందుకు పట్టాడో అర్థం చేసుకోవడం హోదాకు అడ్డు రావు. ఇంట్లో ఎవరైనా మీద పడితే ఆపడానికి బలం వాడతానన్నా అడ్డు రాదు, చట్టం అడిగేది యుద్ధం గురించే. "నేనుంటే నేనూ పట్టేవాణ్ని, న్యాయమైన పోరాటానికి ఇప్పుడైనా పడతాను" అంటే మాత్రం వాడు అబ్జెక్టర్ కాడు, ఒక రాజకీయ పక్షం ఉన్న మనిషి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ హోదా కోసం అది దాచి వేరే మాట రాయకూడదు. దాచితే రెండో ప్రశ్నలోనే దొరికిపోతాడు, అంతకంటే ముందు తన దృష్టిలోనే చిన్నబోతాడు.

ఈ చిక్కుముడి విప్పుకోవడానికి క్వేకర్ల దగ్గర మంచి పద్ధతి ఉంది, క్లియర్‌నెస్ కమిటీ అంటారు. మీటింగును నడిపించే క్లర్కును అడిగితే నలుగురైదుగురిని ఏర్పాటు చేస్తారు. అబ్బాయి ముందుగా ఒకటి రెండు పేజీలు రాసిస్తాడు. తర్వాత రెండు మూడు గంటలు మౌనంగా కూర్చుంటూ మధ్యమధ్య ప్రశ్నలు అడుగుతారు. సలహాలు ఇవ్వకూడదు, తమ అనుభవాలు చెప్పకూడదు, వాదించకూడదు. "నువ్వు ఇలా చేస్తే బాగుంటుంది కదా?" అన్నది ప్రశ్న కాదు, ముసుగేసుకున్న సలహా. అలాంటివి వస్తే ఆపమని క్లర్కుకు ముందే చెప్పండి. మీరు గదిలో ఉండకపోవడం మంచిది. తల్లి ముఖం చూస్తూ పిల్లలు నిజం చెప్పలేరు.

ఆ తర్వాత ఫైలు. మూడు ప్రశ్నలకు వాడి మాటల్లో జవాబులు, తేదీతో. వాణ్ని దగ్గరగా ఎరిగిన ముగ్గురో ఐదుగురో రాసిన ఉత్తరాలు, అందులో ఒకటైనా వాడి అభిప్రాయం ఒప్పుకోని మనిషి నుంచి ఉంటే ఇంకా బలం. చేసిన పనుల వివరాలు. ఏడాదికోసారి కొత్త పేజీ చేర్చాలి, పాతది చించకూడదు. నమ్మకం ఎలా పెరిగిందో బోర్డుకు కనబడాలి. ఒక కాపీ మీటింగు దగ్గర, ఒకటి వాషింగ్టన్‌లో 1940 నుంచి ఈ పనే చేస్తున్న సెంటర్ ఆన్ కాన్షెన్స్ అండ్ వార్ లాంటి చోట పెట్టుకోవచ్చు. మీరు గానీ లాయరు గానీ రాసిపెట్టొద్దు. కరపత్రంలోని వాక్యాలు ఎత్తి రాస్తే బోర్డు వెంటనే పసిగడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో ఉంటే దాని గురించి కూడా అడుగుతారు. తీసేయడం కంటే అప్పుడేమనుకున్నాడో, ఇప్పుడేమనుకుంటున్నాడో రాయడం మేలు. హోదాలోనూ రెండు రకాలున్నాయి: యూనిఫాం వేసుకుని ఆయుధం లేకుండా పనిచేయడం ఒకటి, సైన్యం బయట రెండేళ్ల పౌరసేవ రెండోది. ఏది అడుగుతున్నాడో వాడికి స్పష్టంగా తెలియాలి.

స్కూల్లో ఇంకా చదువుతున్నాడు కాబట్టి మరో చిన్న పని. సైనిక రిక్రూటర్లకు పేరు, ఫోను, చిరునామా ఇవ్వొద్దని మీరు స్కూలుకు ఉత్తరం రాయవచ్చు, ఫెడరల్ చట్టం ఆ హక్కు ఇస్తోంది. ఆస్వాబ్ అనే సైన్యం వాళ్ల సామర్థ్య పరీక్ష పెడుతుంటే ఫలితాలు రిక్రూటర్లకు వెళ్లకుండా "ఆప్షన్ 8" ఎంచుకోమని ప్రిన్సిపాల్‌ను అడగండి.

మీ పౌరసత్వ దరఖాస్తు సంగతి. ఎన్-400 ఫారంలో ఆయుధం పడతారా, ఆయుధం లేని సైనిక సేవ చేస్తారా, అవసరమైతే పౌర అధికారుల కింద పనిచేస్తారా అని మూడు ప్రశ్నలు ఆడవాళ్లనూ అడుగుతారు. హంగరీ నుంచి వచ్చిన శాంతివాది రోసికా ష్విమర్ మొదటిదానికి కాదన్నందుకు 1929లో సుప్రీంకోర్టు ఆమెకు పౌరసత్వం లేదంది. 1946లో గిరోర్డ్ కేసులో ఆ తీర్పు పోయింది. ఇప్పుడు మొదటి రెంటికీ "నో" అనవచ్చు, కారణం ఒక పేజీలో జతచేసి, ప్రమాణంలో ఆ మాటలు తీసేయమని అడగాలి. మూడోదానికి మాత్రం "యెస్" అనాల్సిందే. చర్చి ఉత్తరం తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. మీకు అంత నమ్మకం లేకపోతే కొడుకు కోసం "నో" రాయకండి. ఇంకో మాట: మార్చిలోగా మీలో ఒకరు ప్రమాణం చేయగలిగితే, మీతో ఉంటున్న గ్రీన్‌కార్డు పిల్లవాడు ఆ రోజే తానుగా పౌరుడవుతాడు, విడిగా ఎన్-400 పెట్టక్కర్లేదు. నమోదు బాధ్యత మాత్రం అప్పుడూ ఉంటుంది.

ఇక మిమ్మల్ని పిలిచిన బృందం. వెళ్లండి. కానీ ఏ హోదాలో వెళ్తున్నారో తేల్చుకుని వెళ్లండి. బ్రిటిష్ పాలన చూసిన దేశం నుంచి వచ్చినా, మీ ఇల్లున్నది ఇక్కడి ఆదివాసులైన లెనాపీల నేల మీద. ఆ నేల విషయంలో మీరూ మీటింగు సభ్యులూ ఒకే వైపు ఉన్నారు. "వలసపాలన బాధితుల గొంతు"గా వేదిక ఎక్కితే, అసలు వినాల్సిన గొంతు స్థానంలో మీది వినబడుతుంది, బృందానికి అది సౌకర్యంగా కూడా ఉంటుంది. మీ తరఫున చెప్పదగింది వేరే ఉంది: 1/70 చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు కుదరదని 1970లో అంత గట్టి చట్టం వచ్చినా, బినామీల చేతుల్లో, కోర్టు వాయిదాల్లో అది ఎలా నీరుగారిందో తెలుగువాళ్లకు తెలుసు. పోలవరం ముంపులో కోయలు, కొండరెడ్లు ఏం పోగొట్టుకున్నారో తెలుసు. భూమి తిరిగి రావడమంటే కాగితం మీద తీర్మానం కాదని చెప్పడానికి ఆ అనుభవం చాలు.

క్వేకర్ల చరిత్రలో మీరు గర్వపడేవీ, తలదించుకునేవీ పక్కపక్కనే ఉంటాయి. 1660 నుంచీ ఆయుధం పట్టబోమని చెబుతూ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 12 వేల మంది అబ్జెక్టర్లు పనిచేసిన పౌరసేవా శిబిరాలు నడిపినవాళ్లలో వాళ్లున్నారు, 1947లో నోబెల్ శాంతి బహుమతి వాళ్ల సేవాసంస్థలకే వచ్చింది. అదే పెన్సిల్వేనియాలో 1737 నాటి వాకింగ్ పర్చేజ్ ఉంది. ఒక మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత నేల అని లెనాపీలను ఒప్పించి, పరుగెత్తేవాళ్లను పెట్టి, సుమారు 12 లక్షల ఎకరాలు కాజేశారు. చేసింది పెన్సిల్వేనియాను స్థాపించిన క్వేకరు విలియం పెన్ కొడుకులు, కుట్రలో ముఖ్యుడు, వాళ్ల ఏజెంటు జేమ్స్ లోగన్ కూడా క్వేకరే. ఆ మోసం మీద లెనాపీల ప్రభుత్వాల్లో ఒకటైన డెలావేర్ నేషన్ వేసిన దావాను కోర్టులు 2006 నాటికి పూర్తిగా కొట్టేశాయి. 1869లో ప్రెసిడెంటు గ్రాంట్ "శాంతి విధానం" అని ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యాలయాలు (ఏజెన్సీలు) కొన్నిటిని క్వేకర్లకు అప్పగించాడు. వాళ్లు 30కి పైగా బడులు నడిపారు, పిల్లల భాషనూ జుట్టునూ పేరునూ మార్చే బడులు. తుపాకీ పట్టనివాళ్లు, తుపాకీ ఖాళీ చేయించిన నేల మీద బడులు కట్టారు. బోర్డు మీ అబ్బాయిని అడిగే మూడో ప్రశ్న ఇక్కడ మీటింగును అడగాలి: మీ నమ్మకం మీ బతుకులో, మీ లెక్కల పుస్తకంలో ఎక్కడ కనిపిస్తోంది?

ఇలాంటి బృందాలు చతికిలబడే చోటు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ప్రతి సభకు ముందు "ఇది లెనాపీల నేల" అని చదివే వాక్యం కోసం ఏడాది చర్చించి అక్కడే ఆగిపోతారు. క్వేకర్లు ఓట్లు వేయరు, అందరి మనసూ ఒక దారికి వచ్చేదాకా ఆగుతారు. మంచి పద్ధతే, కానీ వాయిదాకు కూడా అదే తలుపు. 1688లో జర్మన్‌టౌన్ క్వేకర్లు బానిసత్వం తప్పని రాసిచ్చిన కాగితాన్ని కింది మీటింగు పై మీటింగుకు, అది ఇంకా పై మీటింగుకు, "ఇది మాకు మించిన బరువు" అంటూ పంపుకున్నాయి. సభ్యులు బానిసలను ఉంచుకోకూడదని ఈ ప్రాంత క్వేకర్లందరి పై సభ అయిన ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగు తేల్చింది 1776లో, అంటే 88 ఏళ్లకు. కాబట్టి ప్రతి మినిట్‌లో, అంటే సభ రాసుకునే తీర్మానంలో, ఎవరు, ఏ తేదీలోగా, ఎంత డబ్బుతో అన్నది ఉండాలని పట్టుబట్టండి. మాట డబ్బుగా మారిన చోటు కూడా ఉంది: అలాస్కాలోని కేక్ గ్రామానికి 2024 జనవరిలో క్వేకర్లు వెళ్లి, తమ పాత బడుల గురించి క్షమాపణ చెప్పి, అక్కడి స్వస్థత కేంద్రానికి 90 వేల డాలర్లకు పైగా ఇచ్చారు.

ఎవరితో మాట్లాడాలన్నది కూడా ముందే చూసుకోవాలి. పెన్సిల్వేనియాలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న తెగ ఒక్కటీ లేదు. వెళ్లగొట్టబడిన లెనాపీల ప్రభుత్వాలు ఇప్పుడు ఓక్లహోమాలో అనడార్కోలోనూ బార్ట్‌ల్స్‌విల్‌లోనూ, విస్కాన్సిన్‌లో స్టాక్‌బ్రిడ్జ్-మన్సీ కమ్యూనిటీలోనూ ఉన్నాయి. దగ్గర్లో దొరికిన ఎవరో ఒకరిని పిలిచి అదే సంప్రదింపు అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ ప్రభుత్వాల చారిత్రక సంరక్షణ కార్యాలయానికి ఉత్తరం రాసి, "మీకేం కావాలి?" అని అడిగి, జవాబుకు నెలలు పట్టినా ఆగాలి. వాళ్ల టైముకు డబ్బు కట్టాలి.

ఆ ఉత్తరం రాసేలోగా చేయాల్సిన పని ఒకటుంది, అది మీరే అడిగి తీసుకోవచ్చు. మీటింగు పాత మినిట్లు ఎక్కువగా స్వార్త్‌మోర్ కాలేజీ ఫ్రెండ్స్ హిస్టారికల్ లైబ్రరీలో, హావర్‌ఫర్డ్ కాలేజీలో ఉంటాయి, ముందుగా చెప్పి వెళ్తే చూపిస్తారు. బడుల కాగితాలు సుమారు 20 వేల పేజీలను ఆదివాసీ బడుల స్వస్థత కూటమి డిజిటల్ చేయించింది కూడా. మీటింగు హౌస్ స్థలం దస్తావేజు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మొదటి పత్రం దాకా వెనక్కి చదవండి. 1852 నుంచి 1938 దాకా న్యూయార్క్‌లో సెనెకా తెగ వాళ్ల పక్కన నడిచిన ట్యునెసాసా బడి ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగుదే. దానికి మీ మీటింగు ఏటా ఎంత చందా పంపిందో లెక్కల్లో వెతికి, ఒక్కో ఏడాదికి ఒక్కో వరుసగా రాసుకోండి. అబ్బాయికి కూడా ఈ పనిలో సగం అప్పగించండి. దాన్ని తేదీతో సహా వాడి ఫైల్లో మూడో ప్రశ్న కింద పెట్టుకోవచ్చు.